రెండో తీగ తగ్గిందని ఒక్కరూ చెప్పలేదు

కాలువగట్టు (తణుకు), ఆదివారం రాత్రి 9:12

పోయిన వారం మన గిటారు పాఠాల గుంపులో ఒకటిన్నర నిమిషం రికార్డింగు పెట్టాను. జి, సి, డి కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి), మధ్యలో ఒక ఈ మైనర్. కావాలనే రెండో తీగ శృతిని తగ్గించి వాయించాను. కొంచెం కాదు, వీధి చివర నిలబడినవాడికి కూడా పళ్ళు జివ్వుమనేంత. ఎనిమిది రోజులైంది. ఎనభై మూడు హృదయాలు వచ్చాయి. పదకొండు మంది "అద్భుతం మాస్టారూ" అన్నారు. రెండో తీగ తగ్గిందని ఒక్కరూ చెప్పలేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. సరే, కొంచెం తప్పుపట్టడానికే రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. 2007లో మేము పదకొండు మందిమి. అంతకుముందు ఇంటర్నెట్‌లో ఓల్గా అని ఒక ఖజానా ఉండేది, ఏ తీగను ఎక్కడ నొక్కాలో రాసిన ట్యాబ్‌లతో. 1992లో మొదలైంది, 2006లో సంగీత ప్రచురణకర్తల హెచ్చరికలతో మూతపడింది. మూతపడకముందు భీమవరంలో ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ప్రింటు తీయించుకున్న నూట నలభై పేజీలే నా ఆస్తి. అందులో తెలుగు పాట ఒక్కటీ లేదు. అందుకని మా పాటలకు మేమే చెవితో కార్డులు పట్టి మెయిల్లో పంపుకునేవాళ్ళం. "రెండో చరణంలో ఏ మైనర్ కాదు, ఎఫ్" అని ఒకరు, కాదని ఇంకొకరు, ఆ ఒక్క కార్డు మీద నాలుగు రోజులు నడిచేది. మూడు మెగాబైట్ల రికార్డింగు పంపాలంటే మా ఇంటి ఫోను లైను మీద పావుగంటకు పైగా పట్టేది. మధ్యలో ఎవరైనా ఫోను ఎత్తితే మళ్ళీ మొదటినుంచి. అంత అవస్థపడి పంపిన ముక్కను అవతలివాడు వినకుండా ఎలా ఉంటాడు? మూడుసార్లు విని, ఎన్నో సెకను దగ్గర ఏ వేలు జారిందో రాసేవాడు.

ఇప్పుడు ఒక్క వేలితో పంపుతున్నాం, ఒక్క వేలితో హృదయం పెడుతున్నాం. పాఠాలకు లోటు లేదు. వినేవాళ్ళు ఏమయ్యారో నాకు అర్థం కావడం లేదు.

వశిష్ఠ రేవు (నర్సాపురం), ఆదివారం రాత్రి 10:05

నేను విన్నాను. రెండో తీగ అని పోల్చాను కూడా. చెప్పలేదు. కారణం ఉంది.

నిరుడు ఒక పిల్లవాడు క్రిస్మస్ పాట వాయించి పెట్టాడు. బాగా వాయించాడు. "మూడో తీగ కాస్త పెరిగింది నాయనా, చూసుకో" అని రాశాను. పది నిమిషాల్లో అతని స్నేహితులు ముగ్గురు నా మీద పడ్డారు, కొత్తవాళ్ళను నిరుత్సాహపరచవద్దని. మర్నాడు ఆ పిల్లవాడు గుంపు వదిలి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నేను కూడా బొటనవేలు చూపించి ఊరుకుంటున్నాను. అరవై రెండేళ్ళ వయసులో పిల్లలతో గొడవ ఎందుకు చెప్పండి.

మా ఊళ్ళో మిషనరీలు 1830ల్లోనే అడుగుపెట్టారు కానీ, మా చర్చికి గిటారు వచ్చింది నా కుర్రతనంలో. దాన్ని నాకు ఎవరూ నేర్పలేదు. పాట నడుస్తుండగా నా తీగ తేడా వస్తే హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూసేవారు. అంతే, చేయి దానంతట అదే తీగను బిగించే బిరడా మీదికి పోయేది. ఆ చూపులో కోపం ఉండేది కాదు, విన్నానని చెప్పడమే. ఈ గుంపులో ఆ చూపు చూసే వీలు లేదు. మాట రాయాలి. రాసిన మాట ఎప్పుడూ అనుకున్నదానికంటే గట్టిగానే వినిపిస్తుంది.

లంకలో ఆరు తీగలు (పి.గన్నవరం దగ్గర), ఆదివారం రాత్రి 11:20

కాలువగట్టు అన్నయ్యా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. 2007లో ఆ పదకొండు మందిలో ఆడవాళ్ళు ఎంతమంది? భీమవరం ఇంటర్నెట్ సెంటర్‌లో సాయంత్రం ఏడింటికి కూర్చోగలిగిన అమ్మాయిలు ఎంతమంది?

మా ఇంట్లో మొదటి స్మార్ట్‌ఫోను 2016 చివర్లో వచ్చింది, జియో వచ్చిన ఏడాది. అది నాన్నది. నా చేతికి వచ్చింది 2020 లాక్‌డౌన్‌లో, డిగ్రీ క్లాసుల పేరు మీద. మా పెదనాన్న కొడుకు వదిలేసిన గిటారు అటక మీద ఉంటే దించుకున్నాను. వీడియో ఆపేసి, మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని మన జూమ్ క్లాసులు విన్నాను. నేను వాయించిన మొదటి ముక్క పెట్టినప్పుడు నాలుగు హృదయాలు వచ్చాయి. అమ్మకు చూపించాను. "ఎవరు వీళ్ళంతా?" అంది. తెలియదన్నాను. "తెలియనివాళ్ళు కూడా విన్నారా!" అని ఆ రోజు నుంచి సాయంత్రం గిన్నెలు తోమే పని నాకు తప్పించింది. మీరు వెక్కిరిస్తున్న హృదయం నాకు ఒక గంట సాధన సమయం సంపాదించి పెట్టింది.

అయితే మీ మాటలో నిజం లేదని అనను. ఎఫ్ కార్డు దగ్గర అయిదు నెలలు ఆగిపోయాను. చూపుడు వేలు అడ్డంగా పెట్టి ఎంత నొక్కినా మొదటి రెండు తీగలు పలకలేదు. వేలి మీద గీతలు పడి వాచేది. గుంపులో ఎనిమిది సార్లు అడిగాను. "సాధన చేయండి, వస్తుంది" అని ఎనిమిది సార్లూ చెప్పారు. చివరికి రాజమండ్రిలో ఒక దుకాణానికి తీసుకువెళ్తే ఆయన గిటారు చూసి నవ్వారు. గిటారు మెడ చివర తీగలను మోసే నట్టు మీద గాడులు లోతు సరిపోక మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగలు ఎత్తుగా ఉన్నాయట. సన్న ఆకురాయితో పది నిమిషాలు గీశారు. బస్సులో ఇంటికి వస్తూనే ఎఫ్ పలికింది. పక్క సీటు ఆవిడ నన్ను చూసి ఏమనుకున్నారో! లోపం నా వేలిలో లేదని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎవరూ "ఒక్కసారి గిటారు పక్కనుంచి ఫోటో తీసి పంపు" అనలేదు.

కాలువగట్టు, ఆదివారం రాత్రి 11:41

ఒక్కరూ లేరమ్మా. పదకొండు మందిలో ఒక్కరూ లేరు. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళలో తట్టనే లేదు.

ఎఫ్ కార్డు సంగతి మీరు అడిగినప్పుడు నేను చూశాను. "సాధన చేయండి" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడే వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

చెరువు కాపలా (భీమవరం దగ్గర), సోమవారం తెల్లవారుజాము 2:47

నమస్కారమండి. నేను ఎక్కువ రాయను. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే సరుకు మొత్తం పోతుంది. అందుకని మెలకువగా ఉండాలి. మెలకువ కోసం మొదలుపెట్టిందే గిటారు.

నాకు గంట పాఠాలు కుదరవు. నిమిషం వీడియోలే చూస్తాను, నలభైసార్లు చూస్తాను. వాటిని తిట్టకండి.

నాకు చెవి నేర్పింది మాత్రం మోటారు. కరెంటు 50 హెర్ట్జ్ కదండి, మోటారు మోత దానికి రెట్టింపు, 100 దగ్గర ఉంటుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 98. రెండూ కలిపి వింటే సెకనుకు రెండుసార్లు వూఁ... వూఁ... అని ఊగుతుంది. మొదట గిటారు పాడైందనుకున్నాను. తరువాత ఒక రాత్రి బిరడా కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోతే ఆ ఊగడం నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. చెరువూ నేనూ ఒకటే స్వరం! ఒళ్ళు జలదరించింది. ఆ తరువాత ఏ రెండు తీగలు తేడాగా ఉన్నా ఆ ఊగడం నాకు వినిపిస్తూనే ఉంటుంది.

మీ రెండో తీగ కూడా వినిపించిందండి. పెద్దవారు కదా, అది ఏదో కొత్త పద్ధతి అనుకున్నాను.

ఒక్క ప్రశ్న. ఉప్పు గాలికి నా తీగలు మూడు వారాలకే తుప్పు పడుతున్నాయి. ఏం చేయాలి?

కాకినాడ గాలి, సోమవారం ఉదయం 8:30

"కొత్త పద్ధతి అనుకున్నాను"! కాలువగట్టు గారూ, మీ సమాధానం దొరికింది.

ఇందులో ఇంత బాధపడేది ఏమీ లేదు. ఫెండర్ కంపెనీకి అధిపతిగా పనిచేసిన ఆండీ మూనీ చాలాసార్లు చెప్పిన మాటే, కొత్తగా గిటారు పట్టినవాళ్ళలో పదికి తొమ్మిది మంది ఏడాది తిరక్కుండా వదిలేస్తారని. ప్రపంచానికి గిటార్లు అమ్మేవాళ్ళకే అలా ఉంటే మన గుంపు ఎంత? ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది వాయించడం ఎప్పుడో మానేశారు. గుంపు మాత్రం మానలేదు. వాళ్ళు హృదయం కాక ఇంకేమి పెడతారు?

వశిష్ఠ రేవు, సోమవారం ఉదయం 9:15

చెరువు కాపలా గారూ, వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనూ కిందినుంచి కూడా తుడవండి. చెమటే సగం తుప్పు. గిటారును గోడకు తగిలించకుండా పెట్టెలో పెట్టి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేయండి. పొర పూసిన తీగలు ధర ఎక్కువే కానీ మన సముద్రపు గాలికి అవే గతి. ఇంకొకటి, గిటారును మోటారుకు శృతి చేసి ఎవరితోనైనా కలిసి వాయించకండి, వాళ్ళు పారిపోతారు.

పాలకొల్లు వాడు, సోమవారం మధ్యాహ్నం 1:10

మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది పాలకొల్లులో. నాన్నగారి మాండలిన్ పట్టుకుని మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో మొదటి కచేరీ, తొమ్మిదేళ్ళకు! జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, గమకం పలకాలని.

ఏ వేలు ఎక్కడ పెట్టాలో గురువు చూపించలేదు. చూపించలేరు కూడా. ఆయన చేసింది రెండే పనులు: పాడడం, వినడం. మనకు ఇవాళ వేలు ఎక్కడ పెట్టాలో చూపించే వీడియోలు లెక్కకు మించి ఉన్నాయి. 2003 నుంచి జస్టిన్ శాండర్‌కో లాంటివారు ఉచితంగా పెడుతూనే ఉన్నారు, బంగారం లాంటి పాఠాలు. కానీ వీడియో మనల్ని వినదు. నేను తప్పు వాయించినా అవతల మాస్టారు అదే నవ్వు నవ్వుతూ "చాలా బాగుంది, ఇప్పుడు రెండో భాగం" అంటారు.

మన గుంపులో మంచి మార్పు ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. మొదట్లో మేజర్ స్కేలు, మైనర్ స్కేలు అని బట్టీ పట్టేవాళ్ళం. వీణ నేర్చుకున్న ఒక అక్కగారు చేరాక మేజర్ స్కేలు శంకరాభరణం స్వరాలేనని, మేజర్ పెంటాటానిక్ అంటే మోహనమని, మైనర్ పెంటాటానిక్ అంటే శుద్ధ ధన్యాసి అని చెప్పారు. నాకు తెలిసిన ఇంట్లోకే వేరే తలుపులోంచి వచ్చినట్టు అనిపించింది. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కాదని ఆవిడే వెంటనే కోప్పడ్డారనుకోండి.

యానాం వంతెన (ఎదుర్లంక), సోమవారం రాత్రి 10:22

నేను లాక్‌డౌన్ బ్యాచ్. 2020 మార్చిలో హైదరాబాదు నుంచి లాప్‌టాప్‌తో ఇంటికి వచ్చినవాణ్ణి. అప్పుడు గుంపు ఎలా పెరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక గుంపులో 256 మందికి మించి పట్టేవారు కాదు, అందుకని రెండోది, మూడోది. తరువాత హద్దు 512 అయింది, 1024 అయింది, మూడూ కలిపేశారు. నా ఉద్దేశంలో వినడం పోయింది ఆ కలిపిన రోజే. 256 మందిలో ఎవరి ఎడమచేయి ఎలా ఉంటుందో తెలిసేది. వెయ్యి మందిలో ప్రతివాడూ "ఇంకెవరైనా చెబుతారులే" అనుకుంటాడు.

జూమ్ క్లాసుల్లో కలిసి వాయించాలని ఎంత తంటాలు పడ్డాం! మాస్టారు ఒకటి అనేసరికి అమలాపురం ఒకటి, యానాం ఒకటిన్నర. ముప్పై మిల్లీ సెకన్లు దాటి ఆలస్యమైతే ఇద్దరు కలిసి వాయించలేరని తరువాత తెలిసింది, మనది దానికి ఎన్నో రెట్లు. అందరూ మైకులు ఆపేసి, ఎవరికి వారు వాయించుకుని, చివర్లో చప్పట్లు కొట్టుకునేవాళ్ళం. ఇంకో వింత, తీగను మోగనిస్తే ఆ సాగే నాదాన్ని కంప్యూటర్ ఫ్యాను చప్పుడు అనుకుని జూమ్ కోసేసేది. ఆ సెట్టింగు మార్చాలని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. రెండు నెలలు మాస్టారు మా అందరికీ "తీగను ఎందుకు అంత తొందరగా వదిలేస్తున్నారు" అని చెబుతూనే ఉన్నారు, పాపం. నలభై నిమిషాలకు క్లాసు దానంతట అదే తెగిపోయేది, అది వేరే కథ.

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. 2022 మే నెలలో అమలాపురం గొడవల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు కదా, దాదాపు రెండు వారాలు. ఉద్యోగం పోకుండా ఉండాలంటే అవతలి ఒడ్డు సిగ్నల్ అందే చోటికి పోవాలి. గౌతమి ఒడ్డున చెట్ల కింద, బండి సీట్ల మీద లాప్‌టాప్‌లు పెట్టుకుని ఎంతమందో. నాలుగో రోజు సాయంత్రం గిటారు కూడా పట్టుకుపోయాను. ఫైలు ఎక్కేదాకా ఎలాగూ ఖాళీయే. జి, డి వాయిస్తుంటే వెనకనుంచి ఎవరో, "మీ డి కార్డులో మొదటి తీగ మూగగా ఉంది, ఉంగరం వేలు తగులుతోంది" అన్నారు. తిరిగి చూస్తే తెలియని మనిషి. మాటల్లో తేలింది, ఇద్దరం రెండేళ్ళుగా ఇదే గుంపులో ఉన్నామని! ఆయన నా రికార్డింగులన్నిటికీ హృదయాలు పెట్టారట. "మరి అప్పుడెందుకు చెప్పలేదండీ" అంటే, "అప్పుడు మీరు బాగానే ఉన్నారనుకున్నాను, ఇప్పుడు మీ వేలు కనబడుతోంది" అన్నారు.

నెట్ తిరిగి వచ్చేదాకా రోజూ కలిశాం. వచ్చాక మళ్ళీ కలవలేదు. ఆయన ఇది చదువుతూ ఉంటే, మొదటి తీగ ఇప్పుడు పలుకుతోందండీ.

నిర్వాహకురాలు, మంగళవారం ఉదయం 7:50

మూడు గుంపులను కలిపింది నేనే. మూడు చోట్ల ఒకే పాఠం పెట్టలేక కలిపాను. మళ్ళీ విడదీయమంటే మీలో ఇద్దరు ముందుకు రండి, చేద్దాం. ఈలోగా ఒక ఏర్పాటు: తప్పులు చెప్పమని అడిగేవాళ్ళు రికార్డింగు పైన "చెవి కావాలి" అని రాయండి. రాయనివాటికి హృదయాలు పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు.

పదిహేడు ఫ్రెట్లు (రావులపాలెం), మంగళవారం సాయంత్రం 5:35

నాకొక సందేహం. ఇంటర్ చదువుతున్నాను. శృతి చేయడానికి యాప్ ఉంది, కార్డు ఏమిటో చెప్పే యాప్ ఉంది. ఆకుపచ్చ వెలిగితే సరిపోయినట్టే కదా. చెవి ఎందుకు?

కాలువగట్టు, మంగళవారం సాయంత్రం 6:10

తమ్ముడూ, యాప్ వాడు, నేనూ వాడతాను. కానీ అది తీగను ఒంటరిగా పలికిస్తేనే చూస్తుంది. పాట మధ్యలో నువ్వు గట్టిగా నొక్కి తీగను పెంచేస్తే ఆకుపచ్చ ఎక్కడ వెలుగుతుంది? ఇవాళ ఒక్క పని చేయి. ఆరో తీగ మాత్రం యాప్‌తో సరిచేసుకుని ఫోను పక్కన పెట్టు. ఆరో తీగ అయిదో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరానికి అయిదో తీగను కలుపు. అలాగే కిందికి. మూడో తీగ దగ్గరికి వచ్చాక మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కి దానికి రెండో తీగను కలపాలి, అక్కడ ఒక్క మెట్టు తక్కువ. చాలామంది తప్పేది అక్కడే. చెరువు కాపలా గారు చెప్పిన ఊగడం ఆగేదాకా తిప్పు. అయ్యాక యాప్‌తో సరిచూసుకుని ఎంత తేడా వచ్చిందో ఇక్కడ రాయి.

లంకలో ఆరు తీగలు, మంగళవారం రాత్రి 9:02

చెవి కావాలి.

కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) రెండో ఫ్రెట్ మీద, జి ఆకారాలు. నా గొంతుకు ఆరు శృతి. ఒక నిమిషం పది సెకన్లు. అన్నయ్యా, వినండి మరి.

కాలువగట్టు, మంగళవారం రాత్రి 9:20

రెండుసార్లు విన్నాను. చేయి బాగా కుదిరింది, ముఖ్యంగా సి నుంచి డి కి మారడం. 0:18 దగ్గర రెండో తీగ తగ్గింది. సరిచూసుకోండి.

చెరువు కాపలా, మంగళవారం రాత్రి 9:48

క్షమించండి సార్, రెండో తీగ బాగానే ఉందండి. ఆరో తీగ పెరిగింది. ఫోను స్పీకర్లో విన్నారా? చిన్న స్పీకర్లో ఆ లావు తీగ అడుగు స్వరం సరిగ్గా రాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని 0:18 మళ్ళీ వినండి.

కాలువగట్టు, మంగళవారం రాత్రి 10:03

విన్నాను. చెరువు కాపలా గారు చెప్పిందే నిజం. నేను ఫోను బల్ల మీద పెట్టి, అన్నం తింటూ విన్నాను.

అమ్మాయీ, ఆరో తీగ పెరగడానికి కారణం కాపో అయి ఉంటుంది. ఫ్రెట్‌కు దూరంగా వెనక బిగించారేమో, లావు తీగలు సాగి పెరిగిపోతాయి. ఫ్రెట్‌కు ఆనుకునేలా ముందుకు జరిపి, బిగించాక ఒకసారి శృతి చూసుకోండి.

లంకలో ఆరు తీగలు, మంగళవారం రాత్రి 10:31

జరిపాను. మళ్ళీ పెట్టాను. ఈసారి 0:41 దగ్గర నాకే ఏదో తేడాగా ఉంది. ఏ తీగో చెప్పగలరా?

పదిహేడు ఫ్రెట్లు, మంగళవారం రాత్రి 10:44

నాలుగో తీగ అనుకుంటాను అక్కా. యాప్ పెట్టలేదు.